నడుం నొప్పి, గూని, కాళ్ల తిమ్మిర్లు: ఎన్నుపూస రోగాన్ని ఇంట్ల ఎట్ల గుర్తుపట్టాలె, ఎప్పుడు దవాఖానకు ఉరకాలె

నడుం నొప్పి అనంగనే ఎమ్మారై తీయించుకునుడు మన దిక్కు అలవాటైపోయింది. నేను నల్గొండల ఫిజియోథెరపీ చేస్త, నా దగ్గరికి దేవరకొండ నుంచి, మునుగోడు నుంచి, అటు కల్వకుర్తి నుంచి వచ్చేటోళ్లు చానామంది చేతిల పెద్ద కవరు పట్టుకొని వస్తరు, కూసోకముందే "సార్, ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ డిస్క్ జరిగిందట" అంటరు, అంటే నడుంల నాలుగో, ఐదో పూసల మధ్యల ఉండే మెత్తటి దిండు. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాలుకు దిగుతదా, రాత్రి నిద్రల లేపుతదా, జ్వరం వచ్చిందా అని అడిగితే మాత్రం ఆలోచనల పడుతరు, ఎందుకంటే అప్పటిదాక వాళ్లను ఆ ముచ్చట ఎవరూ అడగలే. ఎన్నుపూస రోగంల ముందు మనిషి చెప్పే మాట, తర్వాత చేత్తోటి చేసే పరీక్ష, ఈ రెండింటి తర్వాతనే ఫోటో. మొదటి రెండూ సగం మీ ఇంట్లనే అయితయి, అందుకే ఇది రాస్తున్న.

మొదలు ఒక లెక్క మనసుల పెట్టుకోండి. నడుం నొప్పితోటి వచ్చే 100 మందిల దగ్గర దగ్గర 85 నుంచి 90 మందిది మామూలు నొప్పి, అంటే కండరం, కీలు, డిస్క్ ఏదో ఒకటి అలిగింది గని ప్రమాదం ఏం లేదు, చానావరకు ఆరు వారాలల్ల తగ్గుతది. కొంతమందికి నరం నలిగి కాలుకు గుంజుతది. ఇగ మిగిలిన కొద్దిమందికి టీబీయో, గడ్డనో, బొక్క విరుగుడో, నరాల కట్ట నలుగుడో ఉంటది, వీళ్లకు ఆలస్యం అయితే కాళ్లు పోతయి. మన పని ఎవరు ఏ గుంపుల ఉన్నరో తేల్చుకునుడే.

ఇయ్యి ఉంటే ఇది చదువుడు ఆపి బయలెల్లండి

మూత్రం పోవుడు ఆగిపోయిందా, లేకపోతే తెలియకుండనే పోతున్నదా, దొడ్డికి వచ్చేది తెలుస్తలేదా, సైకిల్ సీటు తగిలే జాగ అంత మొద్దుబారిందా, రెండు కాళ్లల్ల బలం తగ్గుతున్నదా. నడుం నొప్పితోటి వీటిల ఏ ఒక్కటి కొత్తగ మొదలైనా అది ఎమర్జెన్సీ. పెద్దోళ్లల్ల వెన్నుపాము నడుం పైభాగంలనే, ఎల్‌వన్ ఎల్‌టూ పూసల కాడ అయిపోతది, అక్కడి నుంచి కిందికి నరాలు కట్టగ దిగుతయి, పెద్ద డిస్క్ ముక్క జారి ఆ కట్టనే నొక్కితే ఇట్ల అయితది. 48 గంటల లోపల, ఎంత తొందరగ అయితే అంత తొందరగ ఆపరేషన్ అయితే మూత్రం మీద పట్టు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, నాలుగు రోజులు మందులు వాడి చూద్దాం అనుకుంటే ఆ అవకాశం చేజారుతది. మూత్రం ముచ్చట ఆడోళ్లు సిగ్గుపడి చెప్పరు, ముసలోళ్లు షుగర్ అనుకుంటరు, కాబట్టి ఇంట్లోళ్లే నోరు తెరిచి అడగాలె.

ఉరకనవసరం లేదు గని వారం లోపల పెద్ద డాక్టర్‌కు చూపెట్టాల్సినయి ఇంకొన్ని ఉన్నయి: జ్వరంతోటి నడుం నొప్పి, కారణం లేకుండ బరువు తగ్గుడు, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినోళ్లకు కొత్తగ నొప్పి, ఏండ్ల తరబడి స్టెరాయిడ్ గోలీలు వాడినోళ్లకు నొప్పి, ముసలవ్వ మెల్లగ జారిపడ్డా సరే తర్వాత నడుం లేవకపోవుడు, ఇంకా చిన్నపిల్లల నడుం నొప్పి. కీళ్ల నొప్పులకు పేరులేని పొడులు, పొట్లాలు చానాకాలం తిన్నోళ్లు ఆ సంగతి డాక్టర్‌కు దాయొద్దు, వాటిల స్టెరాయిడ్ కలిసి ఉంటే బొక్కలు లోపల్లోపల గుల్ల అయితయి, షుగర్ పెరుగుతది, వంగి బిందె ఎత్తినా పూస నలుగుతది.

ఇంట్ల చేసుకునే పరీక్ష

ముందు కాయితం మీద రాయండి. ఎన్ని రోజులాయె, ఏం చేస్తుంటే మొదలైంది, నడుంల ఎక్కువనా కాలుల ఎక్కువనా, కూసుంటే ఎక్కువనా నడిస్తే ఎక్కువనా, పొద్దున లేవంగనే ఎంతసేపు బిగుసుకపోయి ఉంటది. ఈ ఐదు మాటలతోటే డాక్టర్‌కు సగం రోగం తెలుస్తది.

తర్వాత మడిమల మీద పది అడుగులు నడవండి, మునివేళ్ల మీద పది అడుగులు నడవండి. మడిమ మీద నిలబడ్తే ఒక పాదం ముందుభాగం లేస్తలేదంటే ఎల్‌ఫైవ్ నరం మీద అనుమానం, బొటనవేలును పైకి లేపమని మనం చేత్తోటి ఆపి చూస్తే రెండు కాళ్లకు తేడా ఇంకా మంచిగ తెలుస్తది. మునివేళ్ల మీద లేవలేకపోతే ఎస్‌వన్, అంటే నడుం పూసలకు కింద ఉండే బొక్కల నుంచి వచ్చే మొదటి నరం. కుర్చీల నుంచి ఒక్క కాలు మీద లేస్తే మోకాలు కూలబడుతుంటే ఎల్‌ఫోర్ దిక్కు చూడాలె. ఇప్పుడు ఎల్లెలుకల పడుకోబెట్టి మోకాలు వంగకుండ కాలు మెల్లగ లేపండి, 30 నుంచి 70 డిగ్రీల మధ్యల పిరుదు నుంచి పిక్క దాక కరెంటు గుంజినట్టు దిగితే నరం నొక్కుకపోయిందని అర్థం, ఉత్తగ తొడ వెనక కండరం బిగుసుకుంటే అది లెక్కల రాదు. నొప్పి లేని కాలు లేపినా నొప్పి ఉన్న కాలు గుంజితే అనుమానం ఇంకా గట్టిది.

మెడ నొప్పోళ్లకు వేరే పరీక్ష. అంగీ గుండీలు పెట్టుకునుడు, అన్నం కలిపి ముద్ద చేసుడు, తాళంచెవి తిప్పుడు కష్టమైతున్నదా, నడుస్తుంటే కాళ్లు బిగుసుకొని తూలుతున్నయా, మెడ వంచితే వెన్నుల కరెంటు పాకినట్టు అయితదా చూడాలె. ఇది మెడల వెన్నుపాము నలుగుడు, నొప్పి పెద్దగ ఉండదు కాబట్టి ముసలితనం అనుకొని వదిలేస్తరు. దీనికి ఎమ్మారై వెంటనే కావాలె, చానామందికి ఆపరేషన్ సుత కావాలె, ఆపరేషన్‌తోటి ముఖ్యంగ జరిగేది ఇంకా చెడిపోకుండ ఆపుడు, అందుకే నడక పూర్తిగ పోకముందు పోవాలె. ఇట్లాంటి మెడకు గుంజుడు, తిప్పి టక్కుమనిపిచ్చుడు అస్సలు చేపియ్యొద్దు.

నలబై ఏండ్ల లోపు పోరగాళ్లకు మూడు నెలల కన్న ఎక్కువ నడుం నొప్పి ఉండి, తెల్లారుజామున లేపుతూ, పొద్దున అర్ధగంట దాటి బిగుసుకొని, పనిల పడ్డంక తగ్గుతదంటే అది డిస్క్ కాదు, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు, అంటే ఎన్నుపూసల వాపు వచ్చి మెల్లగ బిగుసుకపోయే వాతం. దీనికి రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం డాక్టర్ దగ్గరికి పోవాలె. హెచ్‌ఎల్‌ఏ బీ27 రక్తపరీక్ష, తుంటి వెనక కీలు ఎమ్మారై చేపిస్తరు. మందులు మంచియే ఉన్నయి, దాంతోపాటు రోజూ వ్యాయామం చేసినోళ్ల నడుం గట్టిపడకుండ చానా మట్టుకు నిలబడ్తది.

మామూలు నొప్పికి ఏం చెయ్యాలె

మంచం పట్టుడు పెద్ద తప్పు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి సరిపోతది, తర్వాత నొప్పి కొంచెం ఉన్నా లేచి తిరగాలె, పడుకున్నకొద్దీ కండరం బలహీనమై నొప్పి ముదురుతది. వేడినీళ్ల కాపడం పెట్టుకోండి. నొప్పి గోలీలు అవసరమైతే కొద్ది రోజులే, అదిగూడ కిడ్నీ, అల్సర్, బీపీ, గుండె సమస్య ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ డైక్లోఫెనాక్ లాంటియి మింగొద్దు, సూదులు మీద సూదులు ఏపిచ్చుకోవద్దు. బెల్టు ప్రయాణంల, బరువు పనిల పెట్టుకుంటే పర్వాలేదు గని పొద్దుమాపు అదే ఉంటే నడుం దాని మీదనే ఆధారపడ్తది. ఎదురుకాళ్లతోటి పుట్టినోళ్లతోటి నడుం తన్నిపిచ్చుకునుడు మన ఊళ్లల్ల ఇంకా ఉంది. పట్టేసిన కండరం దానంతట అదే వదులుతది కాబట్టి తన్నుడు పనిచేసినట్టు కొడుతది, కానీ ఆ పూసల టీబీ ఉన్నదో, బొక్క గుల్లబారి ఉన్నదో తన్నే మనిషికి తెల్వదు, ఆ ఒక్క తన్నుకే పూస కూలి కాళ్లు పడిపోవచ్చు. దయచేసి వద్దు.

వ్యాయామం చానా సులువు. ఎల్లెలుకల పండుకొని మోకాళ్లు మడిచి పిరుదులు లేపి పది అంకెలు లెక్కపెట్టి దించుడు, నాలుగు కాళ్ల మీద ఉన్నట్టు నిలబడి కుడిచెయ్యి ఎడమకాలు సాపుడు, మళ్ల మార్చుడు, పక్కకు పండుకొని మోచెయ్యి మీద నడుం లేపుడు, ఇంకా రోజుకు అర్ధగంట నడక. పది సార్లతోటి మొదలుపెట్టండి. చేస్తుంటే నొప్పి నడుంలనే ఉంటే పర్వాలేదు, కాలు కిందికి దిగుతున్నదంటే ఆ వ్యాయామం ఆపి చూపెట్టుకోండి.

పని పద్ధతి మార్చకపోతే మాత్రం ఏ వ్యాయామం అక్కరకు రాదు. నాట్లేసే ఆడోళ్లు, పత్తి ఏరేటోళ్లు గంటల తరబడి వంగే ఉంటరు, అర్ధగంటకోసారి నిలబడి చేతులు నడుం మీద పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగితే ఖర్చు లేదు, పని ఆగదు, పత్తి సంచి ఒక్క భుజానికి కాకుండ నడుంకు కట్టుకోవాలె. యూరియా బస్తా 45 కిలోలు, సిమెంట్ బస్తా 50 కిలోలు. పాలమూరు నుంచి బయటి రాష్ట్రాలకు పనికి పోయే తమ్ముండ్లు ఇయ్యి రోజంత మోస్తరు. బస్తాను నడుం వంచి కాదు, మోకాళ్లు వంచి పొట్టకు ఆనిచ్చుకొని ఎత్తాలె, ఎత్తినంక నడుం తిప్పకుండ పాదాలే తిప్పాలె, ఇద్దరు ఉంటే ఇద్దరు పట్టాలె. బీడీ, సిగరెట్ మానుడు గూడ నడుం వైద్యమే, పొగ డిస్క్‌లకు అందే రక్తాన్ని తగ్గిస్తది.

ఎమ్మారై ఎప్పుడు, రిపోర్టును ఎట్ల చూడాలె

పైన చెప్పిన ప్రమాదం గుర్తులు లేకుంటే మొదటి ఆరు వారాలు ఎమ్మారై అక్కర్లేదు. ఏ నొప్పీ లేనోళ్లను స్కాన్ చేసి చూసిన పరిశోధనలన్నీ 2015ల ఒక్కకాడ పెట్టి లెక్క తీస్తే 20 ఏండ్లోళ్లల్ల సుత దగ్గర దగ్గర 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనబడ్డది, 80 ఏండ్లోళ్లల్ల 84 శాతం మందికి. నెత్తి మీద తెల్లవెంట్రుక వచ్చినట్టే డిస్క్ ఎండుతది. అందుకే రిపోర్టుల "బల్జ్", "డీజెనరేషన్" అని చూసి భయపడొద్దు. స్కాన్‌ల ఎడమ దిక్కు ఎల్‌ఫైవ్ నరం నలిగినట్టు ఉంటే మీ ఎడమ కాలు బొటనవేలే బలహీనం ఉన్నదా, మీ నొప్పి ఆ దారిలనే దిగుతున్నదా, రెండూ కలిస్తేనే ఆ డిస్క్ దోషి. కుడికాలు గుంజే మనిషికి ఎడమ దిక్కు డిస్క్ చూపెట్టి ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్‌ను అడగాలె.

నరం నలిగి కాలు గుంజినా భయం వద్దు, చానామందికి 6 నుంచి 12 వారాలల్ల తగ్గుతది, జారిన డిస్క్ ముక్కను ఒళ్లే మెల్లమెల్లగ కరిగిచ్చుకుంటది. పాదం పడిపోతున్నా, బలం తగ్గుతూ పోతున్నా, మూత్రం సమస్య ఉన్నా, లేకపోతే మంచిగ మందులు, వ్యాయామం చేసినా రెండు మూడు నెలలకు బతుకు నడవకున్నా అప్పుడు ఆపరేషన్ మాట. ఆపరేషన్ కాలు నొప్పికి మంచిగ పనిచేస్తది, ఉత్త నడుం నొప్పికి అంతగ పనిచెయ్యదు, ఈ మాట ముందే తెలుసుకొని పోవాలె.

అరవై దాటినోళ్లది వేరే కథ. వంద అడుగులు నడిస్తే రెండు కాళ్లు బరువెక్కి తిమ్మిర్లెక్కుతయి, కల్వర్టు మీద కాసేపు కూసుంటే తగ్గుతది, మళ్ల నడుస్తరు, సైకిల్ తొక్కితే ఏం కాదు, బండి కర్ర మీద వంగి నడిస్తే హాయిగ ఉంటది. ఇది వెన్నుకాలువ ఇరుకు అయ్యుడు. వంగితే కాలువ కొంచెం తెరుచుకుంటది కాబట్టి నొప్పి తగ్గుతది. కూసోకుండ ఉత్తగ నిలబడ్డా తగ్గిపోతే మాత్రం అది కాళ్ల రక్తనాళాల సమస్య కావచ్చు, దానికి వేరే డాక్టర్.

ఫ్లోరైడ్: మన జిల్లాల మొదలు అడగాల్సిన ప్రశ్న

బయటి డాక్టర్లు ఎక్కువగ మర్చిపోయేది ఇది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు, నారాయణపురం దిక్కు ఏండ్ల తరబడి బోరు నీళ్లు తాగిన మనిషి నడుం నొప్పంటే ముందు ఫ్లోరోసిస్ అనుకొని మొదలుపెట్టాలె. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే దారే లేకపోతే 1.5 దాక ఒప్పుకుంటరు. అంతకు మించి ఏండ్లకేండ్లు తాగితే బొక్క గట్టిపడ్డట్టే ఉంటది గని పెళుసు అయితది, పూసలను పట్టి ఉంచే పట్టీలు సున్నంగట్టి రాయి అయితయి, మొత్తం ఎన్నెముక ఒకే కడ్డీ లెక్క బిగుసుకుంటది. వెన్నుకాలువ లోపలి పట్టీలు సుత మందమై వెన్నుపామును నలిపేస్తయి, అప్పుడు కాళ్లు కట్టెల్లెక్క బిగుసుకొని నడక పోతది.

ఇంట్ల చూసుకునే పరీక్షలు మూడు. మోకాళ్లు వంగకుండ వంగి కాలివేళ్లు అందుకోవాలె, గదుమ ఛాతికి ఆనిచ్చాలె, రెండు చేతులు మడిచి తల వెనక పెట్టాలె. మూడిట్లల్ల ఏది రాకున్నా, అదీ బోరు నీళ్ల ఊరోళ్లయితే, ఫ్లోరోసిస్ అనుమానం. పండ్ల మీద పసుపు, గోధుమ రంగు అడ్డచారలు ఉంటే చిన్నప్పుడే ఫ్లోరైడ్ నీళ్లు తాగిన్రని సాక్ష్యం, కానీ పెద్దయినంక ఆ ఊరికి కోడలుగ వచ్చినామెకు పండ్లు తెల్లగనే ఉంటయి, బొక్కలు మాత్రం పోయి ఉంటయి, కాబట్టి పండ్లు చూసి కాదనొద్దు. దవాఖానల ముంజేతి ఎక్స్‌రే అడగండి, రెండు బొక్కల మధ్యల పొర సున్నంగట్టినట్టు కనబడ్తది, అది పెద్ద గుర్తు. మూత్రంల ఫ్లోరైడ్, మీరు తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ రెండూ పరీక్ష చేపియ్యాలె.

ఎక్కిన ఫ్లోరైడ్‌ను గుంజి తీసే మందు లేదు, ఎవరైనా ఉందని డబ్బులు అడిగితే ఇయ్యకండి. చేసేది నీళ్లు మార్చుడు, అదే అసలు వైద్యం. భగీరథ నల్లా నీళ్లు కృష్ణ నుంచి వస్తయి, తాగుడుకు, వంటకు, చాయ్‌కి అన్నిటికి అవే వాడాలె. ఇంటికాడ నల్లా నీళ్లు తాగి పొలం కాడ బోరు మోటర్ కింద దోసిలి పట్టేటోళ్లు చానామంది, ఎండకాలంల కూలికి పోయినోడు తాగేదంత అక్కడనే, కాబట్టి బాటిల్ కొంటబోవాలె. కాగబెడ్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కగయితది. నాగ్‌పూర్ నీరి సంస్థోళ్లు 1970లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ దించే పద్ధతి తయారు చేసిన్రు, లోకం అంత దాన్ని నల్గొండ పద్ధతి అనే అంటది, కానీ పాళ్లు తప్పితే నీళ్లల్ల అల్యూమినియం మిగులుతది, ఇంట్ల అందాజాకు కలిపే పని కాదు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు, ఉసిరి, జామ తినాలె, క్యాల్షియం, విటమిన్ డి తక్కువ ఉన్నోళ్లల్ల ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ. నల్ల ఉప్పు, పాలు లేని చిక్కటి చాయ్ తగ్గించాలె, వాటిల ఫ్లోరైడ్ ఉంటది.

కాళ్లు బిగుసుకొని తడబడుతున్న ఫ్లోరోసిస్ మనిషిని మాత్రం గోలీల మీద ఉంచొద్దు. మెడ నుంచి నడుం దాక మొత్తం ఎన్నెముక ఎమ్మారై తీయాలె, ఒక్క నడుందే తీస్తే పైన నొక్కింది దొరకది. ఆపరేషన్ కష్టమైంది, బొక్క రాయిలెక్క ఉంటది, పట్టీ వెన్నుపాము పొరకు అతుక్కొని ఉంటది, కాబట్టి ఇది ఎక్కువ చేసిన పెద్ద సెంటర్‌లనే చేపియ్యాలె.

ఎన్నుపూస టీబీ

బొక్కల టీబీలల్ల సగం దాక ఎన్నుపూసకే వస్తది. మెల్లమెల్లగ నెలల మీద పెరిగే నొప్పి, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుడు, వీపు మధ్యల ఒక పూస ముడిలెక్క పొడుచుకొచ్చుడు దీని గుర్తులు, జ్వరం లేకుండ సుత రావచ్చు, దగ్గు ఉండాల్సిన పనే లేదు. ఎమ్మారైల అనుమానం వస్తే సూదితోటి ముక్క తీసి సీబీనాట్ పరీక్షకు పంపాలె, అండ్ల టీబీనా కాదా, రిఫాంపిసిన్ మందు పనిచేస్తదా లేదా రెండూ తెలుస్తయి. మందులు సర్కారు దవాఖానల పైసా లేకుండ ఇస్తరు, మామూలుగ 12 నెలలు, కొందరికి 18 నెలల దాక. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు వాడిన పక్కింటాయనను చూసి ఆరు నెలలకే ఆపొద్దు. 2024 నవంబర్ నుంచి తిండికి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాల పడ్తయి, పేరు నిక్షయ్‌ల, అంటే టీబీ రోగుల సర్కారు ఆన్‌లైన్ లిస్టుల ఎక్కిందా లేదా అడగండి. ఊపిరితిత్తులల్ల లేకుండ ఉత్త పూసకే ఉంటే అది వేరేటోళ్లకు అంటుకోదు, మనిషిని వేరే గిన్నె, వేరే మంచం అని దూరం పెట్టొద్దు, అసలే నొప్పితోటి ఉన్న మనిషి.

పిల్లలది

పుట్టిన బిడ్డకు మొదటి తలంటు పోసినప్పుడే వీపు చూడండి. నడుం మధ్యల వెంట్రుకల కుచ్చు, గుంట, మెత్తటి గడ్డ, ఎర్రటి మచ్చ ఉంటే లోపల వెన్నుపాము కిందికి గుంజుకొని అతుక్కొని ఉండొచ్చు. పిరుదుల చీలిక లోపల కింద ఉండే చిన్న గుంట చానావరకు ఏం కాదు, దానికంటే పైన ఉన్నదాన్నే చూపెట్టాలె. మొదటి మూడు నెలలల్ల అయితే మామూలు అల్ట్రాసౌండ్‌తోటే తెలుస్తది. పెద్దయినంక ఆగిపోయిన పక్క తడుపుడు మళ్ల మొదలైనా, ఒక పాదం చిన్నగయి వంకర తిరిగినా ఇదే అనుమానం. ఎన్నుపూస మూసుకోకుండ పుట్టే పిల్లలను చానావరకు ఆపొచ్చు: పెండ్లయిన ఆడపిల్ల గర్భం అనుకున్నప్పటి నుంచే, కనీసం నెల ముందు నుంచి, మొదటి మూడు నెలల దాక రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలె. నెల తప్పినంక మొదలుపెడ్తే ఆలస్యం, ఎందుకంటే బిడ్డ ఎన్ను మూసుకునేది మొదటి నెలలనే.

పదేండ్లు దాటినంక పిల్లలకు, ముఖ్యంగ ఆడపిల్లలకు, ఎన్ను పక్కకు వంకర పోతదేమో చూడాలె. దీన్ని స్కోలియోసిస్ అంటరు. పరీక్షకు ఒక్క నిమిషం పడ్తది. రెండు పాదాలు కలిపి, మోకాళ్లు నిటారుగ, రెండు అరచేతులు జోడిచ్చి ముందుకు వంగమనండి, వీపు నేలకు సమానంగ వచ్చేదాక. మీరు వెనక నిలబడి చూడండి, ఒక దిక్కు పక్కటెముకలు గుట్టలెక్క లేచి ఉంటే అదే. నిలబడ్డప్పుడు ఒక భుజం ఎత్తు, ఒక దిక్కు నడుం మడత లోతు సుత కనబడ్తయి. ఈ వయసుల పిల్ల చున్నీ కప్పుకొని తల్లికి సుత వీపు చూపెట్టది, నొప్పి ఉండది కాబట్టి చెప్పది, లంగాఓణీకి కొలతలు తీసే టైలర్ చెప్తే తెలిసిన ఇండ్లు ఉన్నయి. ఆర్నెల్లకోసారి తల్లి చూసుకోవాలె.

అనుమానం వస్తే నిలబెట్టి మొత్తం ఎన్నుకు ఎక్స్‌రే, ఛాతికి రేడియేషన్ తగ్గాలంటే వెనక నుంచి తీయమని అడగండి. వంకరను డిగ్రీలల్ల కొలుస్తరు. 10 దాటితేనే స్కోలియోసిస్. 25 లోపల ఉంటే నాలుగు నుంచి ఆరు నెలలకోసారి చూసుడు. 25 నుంచి 40 మధ్యల ఉండి పిల్ల ఇంకా పెరుగుతుంటే బ్రేస్, అంటే వంకర ముదరకుండ ఒంటికి తొడిగే గట్టి పట్టా. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తది. పెరుగుదల ఎంత మిగిలిందో తుంటి బొక్క ఎక్స్‌రేల చూస్తరు, పిల్ల పెద్దమనిషి అయిన నెల చెప్తే డాక్టర్‌కు ఇంకా సులువు, ఆ తర్వాత సుమారు రెండేండ్లు పెరుగుతది. బ్రేస్ పనిచేస్తదా అని అందరు అడుగుతరు. అమెరికాల చేసి 2013ల చెప్పిన అధ్యయనంల బ్రేస్ వేసుకున్న పిల్లలల్ల 72 శాతం మందికి వంకర ఆపరేషన్ దాక పోలే, ఉత్తగ చూస్తూ ఉన్నోళ్లల్ల 48 శాతమే, అదీ రోజుకు 13 గంటలు దాటి వేసుకున్నోళ్లల్ల 90 శాతం పైనే మంచిగయింది. కాబట్టి బడికి వేసుకపోను అని ఏడిస్తే తిట్టకండి, పొద్దటి బడి గంటలు వదిలేసి బడి నుంచి రాంగనే, రాత్రంత వేసుకునేటట్టు ఒప్పియ్యండి, బ్రేస్ చేసిన డాక్టర్‌కు ఆ లెక్క చెప్పండి.

సంచి మోసుడు వల్ల స్కోలియోసిస్ రాదు, పిల్ల వంకరగ కూసునుడు వల్ల రాదు, తల్లి సాకుడు తప్పు వల్ల అసలే రాదు. సంచి బరువు పిల్ల బరువుల పదో వంతు దాటొద్దని సర్కారు చెప్పింది నడుం నొప్పి గురించి, అది పాటిచ్చుడు మంచిదే. పెండ్లి ఎట్లయితదో అని రోగం దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక్క మాట: చానామంది స్కోలియోసిస్ ఆడపిల్లలు అందరి లెక్కనే పెండ్లి చేసుకొని పిల్లలను కంటరు, దాచిపెట్టిన రెండేండ్లల్లనే 25 డిగ్రీలు 50 అయితయి. పుట్టుకతోటి పూస సగమే తయారైన పిల్లలకు మాత్రం గుండె ఎకో, కిడ్నీ అల్ట్రాసౌండ్ తప్పకుండ చేపియ్యాలె, ఆ మూడూ కడుపుల ఒకే కాలంల తయారయితయి.

పిల్లగాడు ఆడుకునుడు మానేసి, నడవను, కూసోను అని మారాం చేస్తూ జ్వరం ఉంటే అది మారాం కాదు, డిస్క్‌ల ఇన్ఫెక్షన్ కావచ్చు. ఫాస్ట్ బౌలింగ్ చేసే పోరగానికి వెనక్కి వంగితే ఒక దిక్కు నడుం పొడిస్తే పూసల సన్నని పగులు కావచ్చు, మూడు నెలల దాక ఆట ఆపాల్సి ఉంటది. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి ఆర్‌బీఎస్‌కే టీం, అంటే పిల్లలను పరీక్ష చేసే సర్కారు డాక్టర్ల టీం వస్తది, ఆ రోజు పిల్లను బడి మాన్పియ్యొద్దు.

తాటిచెట్టు మీదికెళ్లి పడితే

గీత కార్మికుల ఇండ్లల్ల ఇది అందరికీ తెలియాలె. పడ్డ మనిషిని కూసోబెట్టొద్దు, నీళ్లు తాగియ్యొద్దు, బండి మీద ఇద్దరి మధ్యల కూసోబెట్టుకొని కొంటబోవద్దు. చానాసార్లు పూస విరిగినా వెన్నుపాము తెగదు, లేపిన చేతులే తెంపుతయి. 108కి ఫోన్ చేసి, ఒకరు తల దిక్కు మోకాళ్ల మీద కూసొని తల, మెడ కదలకుండ రెండు చేతుల పట్టుకోవాలె. తప్పదు జరపాలంటే నలుగురైదుగురు ఒక్కసారే, తల పట్టుకున్నోడు లెక్క చెప్తుంటే, ఒళ్లంత ఒకే దుంగలెక్క పక్కకు తిప్పి కింద పలకనో తలుపునో జరిపి పడుకోబెట్టాలె. 2024ల సర్కారు కాటమయ్య రక్ష కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టింది, ఇంట్ల మూలకు పెట్టకుండ వేసుకొనే ఎక్కండి అన్నలూ.

కాళ్లు పడిపోయిన మనిషి ఇంటికొచ్చినంక ప్రాణం తీసేది పుండు, మూత్రం ఇన్ఫెక్షన్. రెండు గంటలకోసారి పక్క మార్చాలె, రాత్రి సుత. పిరుదులు, మడిమలు, నడుం కింద బొక్క కాడ ఎర్రబడ్డదా రోజూ చూడాలె. మూత్రం గొట్టం శాశ్వతంగ ఉంచే కన్న నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగ పెట్టి తీసే పద్ధతి నేర్చుకుంటే కిడ్నీలు నిలబడ్తయి, డిశ్చార్జి కాకముందే నర్సమ్మ దగ్గర నేర్చుకోండి.

ఎక్కడికి పోవాలె, ఏం పట్టుకపోవాలె

ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ఆర్థో డాక్టర్ నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ దవాఖానలల్లనే ఉంటరు, నాగర్‌కర్నూల్, వనపర్తిల సుత మెడికల్ కాలేజీలు వచ్చినయి. ఎన్ను ఆపరేషన్, వెన్నుపాము సమస్య అయితే హైదరాబాద్ నిమ్స్, గాంధీ, ఉస్మానియా. మన దిక్కోళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ 10 లక్షల దాక వర్తిస్తది, ఆహార భద్రత కార్డు, ఆధార్ పట్టుకపోండి, పోకముందే ఈ ఆపరేషన్ ఆ దవాఖానల ఆరోగ్యశ్రీల ఉన్నదా అని ఆరోగ్యమిత్రను అడగండి.

మీరు రాసుకున్న ఐదు మాటల కాయితం, వాడుతున్న గోలీల అట్టలు, ఫ్లోరైడ్ ఊరోళ్లయితే తాగే నీళ్ల రిపోర్టు, ఎమ్మారై రిపోర్టు ఒక్కటే కాకుండ ఫిల్ములు, సీడీ కొంటబోండి, డాక్టర్ చూడాల్సింది ఫోటో, పక్కోడు రాసిన కాయితం కాదు. స్కోలియోసిస్ పిల్లల పాత ఎక్స్‌రేలు ఒక్కటి సుత పారేయొద్దు, వాటి మీద తేదీ రాసి చుట్టకుండ అడ్డంగ పెట్టండి, వంకర ఎంత పెరిగిందో కొలిచేది పాతది కొత్తది పక్కపక్కన పెట్టే.